నిన్నటికి ముప్పై అయిదు నిమిషాలు

ఫలెఓలో విమానాశ్రయంలో నా ఉద్యోగం
మనుషుల్ని తూచడం.
సంచీతో ఒకసారి, సంచీ లేకుండా ఒకసారి.
చిన్న విమానం. ఎవరు ముందు కూర్చోవాలో, ఎవరు వెనకో
కాటా చెబుతుంది, పలుకుబడి కాదు.

పాగో పాగో ఎంత దూరమని అడుగుతారు కొత్తవాళ్ళు.
నూట ముప్పై కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా.
ఎంతసేపు?
ముప్పై అయిదు నిమిషాలు,
ఎదురుగాలి ఉంటే ఇంకో నాలుగు.
అంతవరకూ నమ్ముతారు.
శుక్రవారం ఎక్కి గురువారం దిగుతారు అనగానే
తాగొచ్చానేమోనని నా మొహం చూస్తారు.
వాచీ ముల్లు కదపక్కర్లేదు.
తొమ్మిదికి ఎక్కితే అక్కడా తొమ్మిదీ ముప్పై అయిదే.
వారం ఒక్కటే
ఒక మెట్టు దిగుతుంది.

ఫెతువావో ఏమీ అడగలేదు.
చాపల కట్టతో వచ్చింది,
వాడివాడి పట్టులా మెత్తబడ్డ చాపలు, అంచుకి ఎర్ర ఈకలు,
చావింటికి పట్టుకెళ్ళేవి.
ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి కాటా ఎక్కింది.
డెబ్బై మూడు. చాపలు పద్నాలుగు.
"మా చెల్లెలు పెనీనా" అంది.
"మంగళవారం రాత్రి పోయింది.
ఆ నిమిషానే నాకు ఫోను మోగింది,
బుధవారం రాత్రి."

నాకు గుర్తే, అప్పుడు నేను ఆరో తరగతి.
డిసెంబరు చివర మా దేశం
గురువారం రాత్రి పడుకుని
శనివారం పొద్దున లేచింది.
ఆ శుక్రవారం ఎవరూ పుట్టలేదు,
ఎవరికీ అన్నం ఉడకలేదు.
వ్యాపారం బాగుంటుందని
సముద్రం మీది గీతని ఇటునుంచి అటు జరిపారు.
అంతకుముందు ఈ అక్కాచెల్లెళ్ళది ఒకే ఆదివారం,
రెండు దీవుల్లో పొయ్యిరాళ్ళు
ఒకే వేళకి ఎర్రబడేవి.

ఆమె బెంగ అది కాదు.
"నిన్న గురువారమంతా తలుపేసుకుని ఏడ్చేశాను బాబూ.
ఉన్నదంతా అయిపోయింది.
ఇప్పుడు దిగితే మళ్ళీ గురువారమేగా,
రెండోసారికి ఎక్కణ్ణించి తేను?"

నేను చీటీ చింపుతున్నాను.
మూడో సీటు, కిటికీ పక్కన, అన్నాను.

పై వారం వచ్చింది,
అక్కడి సోమవారం ఎక్కి ఇక్కడి మంగళవారం దిగి.
దిగినవాళ్ళని తూచం.
తనే వచ్చి కాటా మీద నిలబడింది, సామానుతో సహా.
చాపలు ఇచ్చేసింది కదా, తేలిగ్గా ఉంటుందనుకున్నాను.
ఆరు కిలోలు ఎక్కువ!
వాళ్ళు తిరిగిచ్చిన చాపలు, అట్టపెట్టె నిండా మాంసం డబ్బాలు.

"రాతి మీద తేదీకి మరిదితో మూడు పూటలు గొడవ.
చెక్కేవాడు విసిగిపోయి
నెలా సంవత్సరం చెక్కాడు,
తేదీ చోటు నున్నగా వదిలేశాడు.
చెయ్యి పెట్టి చూశాను, చల్లగా బాగుంది."

మరి ఆ గురువారం?
అడక్కూడదనుకుంటూనే అడిగాను.

"దిగేసరికి వాన.
వచ్చినవాళ్ళందరి మొహాలూ తడిసే ఉన్నాయి.
ఎవరూ లెక్క చూడలేదు."

పెట్టె విప్పి ఒక డబ్బా తీసి
నా బల్ల మీద పెట్టింది.
కాటా ముల్లు
ఆ కాస్త వెనక్కి జరిగింది.