అని

గునుపురం ధాన్యం మండి, రెండో వేబ్రిడ్జి.
లారీ ఎక్కింది. అంకె ఎక్కలేదు.
తెర మీద ఒకటే ముక్క:
“తప్పు జరిగింది: అంతా సవ్యం.”

ఇసాక్ సబర నవ్వాడు.
వెనక పదకొండు లారీలు నవ్వలేదు.

పర్లాకిమిడి నుంచి పొద్దున పాసింజరులో దిగాను.
ప్రోగ్రాము పాత్రుడు గారిది. సి భాష. పంతొమ్మిదేళ్ళది.
ఆయన లేరిప్పుడు, ఆయన కామెంట్లున్నాయి
‘తర్వాత చూద్దాం’ అని, మూడుచోట్ల.

చూశాను.
ఏం తప్పయిందో చెప్పేముందు లాగు ఫైలు తెరుస్తోంది,
తెరుస్తూ ఎర్‌నోని సున్నా చేస్తోంది.
సాక్షిని బోనెక్కించేలోగా
వాడి నోరు కడిగేసినట్టు.
ముందా అంకెని ఒక చిన్న డబ్బాలో దాచాను.

అసలు తప్పు నిన్న సాయంత్రానిది.
తేమ ఎక్కువైన బస్తాల్ని తిప్పి పంపుతూ
ఇసాక్ రిమార్కు కొట్టాడు: 19%not ok
మధ్యలో ఖాళీ వదల్లేదు. ఎవరు వదుల్తారు, ఆ రద్దీలో?
మనకది వడ్లలో తడి.
ప్రింట్ఎఫ్‌కి మాత్రం హుకుం:
ఇప్పటిదాకా ఎన్నక్షరాలు పలికావో లెక్కగట్టి
ఆ చిరునామాలో రాసిరా.
ఏ చిరునామా?
ఏది చేతికి తగిలితే అది.
కబురు మోయమన్నవాడు
కబురు చెప్పినట్టల్లా ఆడాడు,
ఆడి పడిపోయాడు, పోర్టు తాళం జేబులోనే ఉండగా.

ఇంకోచోట అరవైనాలుగు బైట్ల సంచి.
స్ప్రింట్ఎఫ్ మూతి చూడకుండా కూరుతోంది.
రైతు పేరు, ఊరి పేరు, తండ్రి పేరు;
ఒడియా అక్షరమైనా తెలుగక్షరమైనా మూడేసి బైట్లు,
ఈ సరిహద్దులో ఇద్దరికీ సమంగా దొరికింది అదొక్కటే.
కుట్టు తెగితే గింజలు పక్క సంచిలోకి,
అక్కడుండేది తూకం.

టీ తాగుతూ బయటికొచ్చాను.
డ్రైవరు భీమారావు ఇన్‌స్పెక్టరు మీద అరుస్తున్నాడు, తెలుగులో.
ఇన్‌స్పెక్టరుకి తెలుగు రాదు.
మధ్యన ఇసాక్, వాడి ఇంటిభాష సవర, ఈ రెండూ కాదు,
చేతులు కట్టుకుని ఒడియాలో చెప్తున్నాడు:
‘నీ తక్కెట్లో దుమ్ముపొయ్య’ బోలి కొహుచి.
అని అంటన్నాడు సార్.

ఇన్‌స్పెక్టరు డ్రైవరు మీదికెళ్ళాడు.
ఇసాక్ మీదికి కాదు.

గ్లాసు అక్కడే పెట్టి లోపలికెళ్ళాను.
ఆ వాక్యానికి ముందు రెండే గుర్తులు చేర్చాను, %s
ఇదొక మాట, ఎవరిదో, ఇది ఆజ్ఞ కాదు
అని.
సంచికి కొలత పెట్టాను. చివరి బైటు సున్నాకి వదిలాను.

“మళ్ళీ కొట్టు, నిన్నటిదే.”
ఇసాక్ భయంగా కొట్టాడు. 19%not ok
తెర ఉన్నదున్నట్టు పలికి ఊరుకుంది.
లారీ ఎక్కింది. పద్దెనిమిది టన్నుల నాలుగొందలు.

పొడుగు పేరొకటి కొలత దగ్గర తెగి
ఆఖరక్షరం సగమై, చిన్న గడిలా మిగిలింది.
ఎవరి తండ్రి పేరో.
తెగిందన్న సంగతి ప్రోగ్రాముకి తెలుసు, చెప్పదు.
పాసింజరుకి ఇరవై నిమిషాలుంది.

ఆ వరుస పక్కన నేనూ రాశాను,
తర్వాత చూద్దాం
అని.