చెక్క గులాబీ

దాన్ని నేను ఉడకబెట్టాను.
ముందే చెప్పేస్తున్నాను, తరువాత చెప్పడం కష్టం.
ప్యూరియోరా అడవి అంచున, రంపపు మిల్లు క్వార్టర్లలో,
మా ఆవిడ ఓర్లా దుప్పట్లు ఉడికించే రాగి కాగులో,
ఆదివారం మధ్యాహ్నాలు.

మూడు గంటలు పట్టేది.
బంగాళాదుంపల గుత్తిలాంటి ఆ మట్టిరంగు ముద్ద
మెత్తబడి, పొరలు పొరలుగా పట్టు వదిలేది.
వదిలాక మిగిలేది చెట్టు వేరు,
అది కరుచుకున్న చోట అంచులు విచ్చుకుని
మడతలు మడతలుగా,
గులాబీలా.

పాలిష్ పెట్టి రోటొరువా దుకాణంలో ఇస్తే
ఒక్కోదానికి పన్నెండు షిల్లింగులు.
కొన్నవాళ్లు పువ్వనుకున్నారు.
నేనూ అనుకున్నాను.
పువ్వును కాలవలో పారబోసి
గాయాన్ని అమ్ముతున్నానని
నలభై ఏళ్ల దాకా ఎవరూ చెప్పలేదు.

చెప్పింది హూరియా. ఈ కొండల మనిషి, అడవికి కాపలా.
ఆమె భాషలో దీని పేరు
చచ్చినవాళ్లు దిగిపోయే చోటి పువ్వు.
"దిగిపోయినవాళ్లు ఊరుకోక
పైకి చాచిన వేళ్లేమో" అన్నాను.
నవ్వలేదు.
"మా నాయనమ్మ దీన్ని దాటి అడుగేసేది కాదు.
మీరు గునపమేశారు" అంది,
కోపంగా కాదు,
వానొస్తుందని చెప్పినట్టు.

మార్చి నెల. మాకిక్కడ ఎండలు వెనక్కి తిరిగే వేళ.
కోడి కింద గుడ్డు తీస్తున్నట్టు
రాలిన ఆకుల్ని పక్కకు జరిపింది.

ఆకు లేదు దీనికి. పచ్చదనం ఎరగదు.
ఎండలో వాటా లేదు, అడగనూ లేదు.
తెలుపు కాదు, గులాబీ రంగూ కాదు,
చలికి పగిలిన పెదవి రంగు.
వాసన ముగ్గిన ఖర్బూజాది,
దాని వెనకాల చెమట,
రోజంతా గొడ్డలి పట్టిన చొక్కా.
నా పాత చొక్కా.

బదనిక అయితే కొమ్మెక్కి కూర్చుని దర్జాగా తింటుంది.
ఇది చీకట్లో, చెట్టు కాళ్ల దగ్గర.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టే జాతి అని
మిల్లులో తిట్టేవాళ్లం.
లెక్కపెట్టిందేమో, ఇల్లు మాత్రం కూలలేదు.
కూల్చింది మేం,
రోజుకూలికి.

ఆడమొక్క ఇక్కడ. మగమొక్క వాగు అవతల.
నడుమ ముప్పై గజాలు, నడిచేవాళ్లు లేరు.
ఉండాల్సింది గబ్బిలం,
రెక్కలు మడిచి ఎలుకలా ఆకుల్లో పాకే గబ్బిలం.
ఈ వాగు దగ్గర కనబడి పదకొండేళ్లు.
వచ్చేది పోసమ్,
బొచ్చు కోసం ఎవరో ఓడలో తెచ్చిన జంతువు,
పువ్వుల్ని బిస్కెట్లలా నమిలిపోతుంది.
అందుకే గబ్బిలం దూరేంత సందు వదిలి
ఈ తీగవల పంజరం.
అందుకే హూరియా చేతిలో
పిల్లలు రంగులేసుకునే బ్రష్.

నా పని దీపం పట్టుకోవడం.
"కదపకండి" అంటుంది.
ఎనభై ఒకటో ఏట ఆ మాట
చేతికి చెప్పాలి, నాకు కాదు.

సంచిలో ఒకటి తెచ్చాను, అమ్మకుండా మిగిలినది.
ఓర్లా దాన్లో గుండుసూదులు వేసుకునేది.
"ఏ చెట్టుది?"
తెలీదు.
ఒక్క రోజులో పధ్నాలుగు తవ్వినవాణ్ణి.
"పాతిపెడదామా?"
"మొలవదు."
ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది,
నడిమి గుంటలో వేలు పెట్టింది.
"ఇక్కడుండేది" అంది.
ఓర్లా సూది ఒకటి
తుప్పుపట్టి ఇంకా అందులోనే ఉంది.

కిందటి వారం కెమెరాలో పడ్డది చూపించింది తరువాత.
బూడిదరంగు బొమ్మ, ఎనిమిది సెకన్లు.
ఏదో వచ్చింది. తల లోపల పెట్టింది.
పోయింది.
"ఎలుకే అయ్యుంటుంది" అంది హూరియా.
కళ్లద్దాలు చొక్కాకు తుడిచి పెట్టుకున్నాను.
"భుజం దగ్గర చూడు, అది మడతా?"
మళ్లీ వేసింది.