పన్నెండు వోల్టులు

గ్రీమ్స్‌పేటలో నా అంగడికి
మోపెడ్ ముందర పెట్టుకొని,
కోడిగుడ్ల అట్టలు తెచ్చినంత నిదానంగా
తెచ్చినాడు సుందరమూర్తన్న
నాలుగు డిస్కుల నల్ల పెట్టె.
"రాత్రి టప్పుమనిందక్కా.
లైటు లేదు, ఫ్యాను లేదు.
పదకొండేండ్ల భారతాలుండాయి దీంట్లో,
ఊరూరా తిరిగి పట్టినవి."

"ఇంకో కాపీ ఉందా?" అంటే
నా గోడ మీది క్యాలెండరు వైపు చూసినాడు.

స్క్రూలు విప్పితే ముందు దుమ్ము.
దుమ్ములో ఒక బల్లిగుడ్డు పెంకు.
తర్వాత, చేపల అంగడి కడిగిన నీళ్ల వాసన.
కెపాసిటర్ చచ్చిన వాసనది,
నా ముక్కుకు ఇరవై ఏండ్ల పరిచయం.
పవర్ సప్లై మూత తీస్తే మూడు,
పూరీల్లాగా తలలుబ్బి,
ఒకదాని కాళ్ల దగ్గర గోధుమరంగు జిగురు.

"చచ్చింది భారతం కాదన్నా,
దానికి సంకటి వండేది."
నవ్వలేదు.

డిస్కులు ఒక్కొక్కటే లాగి
వీపు మీద మార్కరుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు.
వరస తప్పితే
భీముడి మాట ద్రౌపది నోట్లో పడుతుంది.

ఆ కంపెనీ ఈ సప్లై చెయ్యడం మానేసి శానా ఏండ్లు.
మద్రాసు రిచ్చీ స్ట్రీట్లో దొరికిన దాన్ని
బస్సు కండక్టరు చేతికిచ్చి పంపినారు,
అరిటాకుల కట్టల పక్కన కూర్చోనొచ్చింది.
మూతి కలవలేదు.
కోసి, అతకాల.

పసుపు పన్నెండు, ఎరుపు ఐదు, నలుపు నేల.
లోకమంతా అంతే.
ఈ పెట్టె చేసినోడు మాత్రం
పసుపులో ఐదు పంపినాడు.
రంగును నమ్మింటే
అర సెకనులో నాలుగూ బుగ్గి.
డిస్కు పళ్ల కాడ్నుంచి వెనక్కి
మీటరు కూతను పట్టుకొని
ఒక్కో తీగె ఇల్లు వెతుక్కుంటా పోయినా.
నదీం టార్చి పట్టినాడు, చెయ్యి మార్చి, చెయ్యి మార్చి.

కొత్తది పాత బొక్కలకు అమరలేదు.
ప్లాస్టిక్ పట్టీతో బిగించినా,
అందం అడగొద్దన్నా అని ముందే చెప్పి.

మొదట డిస్కులు లేకుండా స్విచ్చేసినా.
పన్నెండు పాయింటు సున్నా ఎనిమిది.
మీటరు మీద ఆ అంకె కదలకుండా నిలబడేదాకా
ముగ్గురం మాట్లాడలేదు.
అప్పుడు వరసగా తోసినా.
ఒకటి గొంతు సవరించుకునింది.
రెండోది. మూడోది.
నాలుగోది రొంత ఆలోచించింది.

ఆరెంజి లైటు. లోపల లెక్క చూసుకుంటా ఉండాది.
టిఫిను పొద్దుకు మూడు శాతం,
సందేళకు అరవై ఒకటి.
స్టూలు మీంచి లేవలేదాయన,
టీ మీద మీగడ కట్టి, మీగడ మీద ఈగ.
దీపాల వేళ దాటినంక
లైటు పచ్చగా మారింది.

"ఏదో ఒకటి పెట్టి చూడన్నా."
వెతకలేదు, చెయ్యికి దారి తెలుసు.
అర్జునుడి తపసు.
చెంగల్రాయుడు మాను ఎక్కతా పాడతాడు,
మెట్టుకొక పద్యం.
కింద మద్దెల, ఈలలు, ఎవరిదో బిడ్డ ఏడుపు.
తొమ్మిదో మెట్టు కాడ టక్కుమని
మైకు చచ్చింది.

నా చెయ్యి గబుక్కున సప్లై మీదికి పోయింది.
"మనది కాదక్కా," అన్నాడు,
"ఆ పొద్దు ఊర్లో కరెంటు పోయింది.
నా డబ్బా బ్యాటరీతో నడస్తా ఉండింది."

గొంతు చిన్నదయ్యింది.
ఆగలేదు.
చీకట్లో పైపైకి పోతా
పదో పద్యం, పదకొండు,
ఎవరో "దివిటీ ఎత్తండ్రా" అని,
పైనుంచి విసిరిన నిమ్మకాయొకటి
రికార్డరు పక్కనే దబ్బుమని.

"మళ్లీ కరెంటెప్పుడొచ్చిందన్నా?"
"యాదిలేదు. ఆయన దిగినంకనేమో."

బిల్లు రాసినా,
కండక్టరు టీకి పది రూపాయలు కలిపి.
షట్టరు దించమంటే నదీం
సగం దించి
అట్లే పట్టుకొని నిలబడినాడు,
పన్నెండో మెట్టు అయ్యేదాకా.