నడిమి కాగితం

మూర్ మార్కెట్లో, సెంట్రల్ స్టేషన్ పక్కన,
మూడో కొట్టు సెల్వరాజు
చేపను తూచినట్టు అరచేతిలో ఎత్తి చూసి
నూటయాభై అన్నాడు.
అరవై ఒకటో సంచిక. నీలి దళం.
మా ఇంటికి వచ్చినప్పుడు దాని వెల రెండు రూపాయలు,
అదీ మా అన్న భానుమూర్తి
నాన్న క్యాంటీన్ టోకెన్లు అమ్మి తెచ్చింది.

ఇంగ్లీషు అప్పుడు మాకు సగమే వచ్చు.
అందుకని దళానికి మేమే పేర్లు పెట్టాం.
ఇనుపాయన. రెక్కల కవలలు.
చేతిలో పటం తప్ప ఏ శక్తీ లేని సంచీ మావయ్య.
తలుపు సందులోంచి, తాళం కన్నంలోంచి
దూరిపోయే పొగమ్మ.

పెరంబూరు తడిగాలికి పిన్నులు తుప్పుపట్టి
నడిమి కాగితం ఎప్పుడో ఊడిపోయింది.
పద్నాలుగో పేజీలో పొగమ్మ ఉంది,
వంతెన కింద, చెయ్యెత్తి, ఏదో అనబోతూ.
పంతొమ్మిదిలో లేదు.
తక్కినవాళ్ళు నడిచి పోతుంటారు.
ఎవరూ వెనక్కి చూడరు. ఎవరూ ఆ ఊసే ఎత్తరు.

ఆ నాలుగు పేజీల కోసం ఎంత కొట్టుకున్నామని!
భానుమూర్తి ఆమెను బాంబుతో చంపేశాడు,
అర నిమిషంలో, నోటితో చప్పుడు చేసి మరీ.
నేను పెళ్ళి చేసి పంపించేశాను.
తొమ్మిదేళ్ళ దానికి
మాయమయ్యే దారి అదొక్కటే తెలుసు.
కింది క్వార్టర్సు యేసుదానం మాత్రం
"ఎక్కడికీ పోలేదు" అన్నాడు.
"పొగ కదా. సరిగ్గా చూడండి."

మర్నాడు పుస్తకం తిరిగిచ్చాడు.
పంతొమ్మిది నుంచి ముప్పై రెండు దాకా
ప్రతి గడిలో, ఏదో ఒక మూల,
పెన్సిలుతో సన్నటి పొగ.
ఇనుపాయన భుజం వెనక.
కవలల రెక్కల మధ్య.
శత్రువు గదిలో కూడా, కిటికీ దగ్గర, కొంచెం.
పుస్తకం పాడుచేశాడని అన్న
వాడి వీపు విమానం మోత మోగించాడు.
వాడు ఏడవలేదు.
వాళ్ళమ్మ స్టాన్లీ ఆసుపత్రికి వెళ్ళి
అప్పటికి నెల.
రబ్బరు పెట్టి చెరపమంటే
నేను చెరిపినట్టు నటించాను.

ఆ ప్రతి ఇప్పుడు లేదు.
క్వార్టర్సు ఖాళీ చేసిన రోజు
పాత పేపర్ల కట్టలో కిలో లెక్కన వెళ్ళిపోయింది.

"కొంటారా అమ్మా, ఇక్కడే చదివేస్తారా"
అరవంలో సెల్వరాజు.
లోకల్ రైళ్ళ అనౌన్స్‌మెంట్ల కింద నిలబడి
నలభై ఏళ్ళ తర్వాత పదిహేనో పేజీ తిప్పాను.
బబుల్‌గమ్ ప్రకటన.
పద్దెనిమిది: సైకిల్ గెలుచుకోండి.
మధ్యన రెండు పేజీలే కథ.
బాంబు లేదు. పెళ్ళి లేదు.
వంతెన విరగ్గొట్టినందుకు డబ్బెవరు కట్టాలని గొడవ.
ఆమె చేతి తొడుగులు విప్పి, రాయి మీద పెట్టి,
బస్సెక్కింది.
అంతే. బస్సు నంబరు కూడా వేశాడు బొమ్మలాయన.
నవ్వొచ్చింది.
తర్వాత పంతొమ్మిది తిప్పాను.
ఇరవై. ఇరవై ఒకటి.
మూలలన్నీ ఖాళీ.
అద్దెవాళ్ళు వెళ్ళిపోయాక కడిగిన ఇల్లులా.
ఈ పుస్తకం నేనెప్పుడూ చదవలేదు.

యేసుదానానికి ఫోన్ చేశాను.
వాడిప్పుడు వ్యాసర్పాడిలో ఏసీలు బాగుచేస్తాడు.
నిచ్చెన మీద ఉన్నట్టున్నాడు, ఫోన్ నిండా గాలి.
"ఒరేయ్, నడిమి కాగితం దొరికింది."
అవతల డ్రిల్లు ఆగింది.
"చదివావా?"
"ఊఁ."
"నాకు చెప్పకు."
మళ్ళీ డ్రిల్లు.

బేరమాడి నూట ఇరవైకి
ఇంటికి తెచ్చుకున్నాను.
రాత్రి మా మేనకోడలి పెన్సిలు తీసుకుని
పంతొమ్మిదో పేజీ, మొదటి గడి, ప్రయత్నించాను.
పొగ రాలేదు. తాడు వచ్చింది.
చెరిపాను, ఈసారి నిజంగానే.
కాగితం కాస్త నూగు లేచి
అక్కడొక మసక.
అలాగే వదిలేశాను.