రెండు చుక్కలు

పాప జాతకంలో నీరు తక్కువన్నాడు
జాతకం చూసినాయన.
మామగారు నిఘంటువు తెరిచి
మూడు చుక్కలతో మొదలయ్యే అక్షరాలు
పాత కేలండరు వెనక వరసగా దించారు:
వాగు, సరస్సు, తేట, లోతు.
అల మాత్రం రాయలేదు. ఆయనకు తెలుసు.
లోతు దగ్గర కాసేపు ఆగారు.
పదకొండు గీతలు, శుభమట.

ఒళ్లో పాప తుమ్మింది.
నేను తలెత్తలేదు.

మా తమ్ముడికీ నీరు తక్కువన్నారు అప్పట్లో.
అందుకే బో అని పెట్టారు, అల అని.
పదమూడో ఏట, యీచాంగ్ రేవుకు దిగువన,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టే వెళ్లాడు.
చెప్పులు మెట్ల మీద, జతగా.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది,
చేతులనిండా ముల్లంగి వాసన.
బడి మొహం చూడలేదు; రేవులో టికెట్లు చింపిన ఇరవై ఏళ్లలో
పడవల మీద రాసినవే ఆమె చదువు.
ఎర్ర పెన్సిలు అడిగి పుచ్చుకుని
గీతల వరస తప్పుతూ
ఒక్కటి గీసింది. జోవ్. పడవ.

"ఇందులో నీళ్లేవి వదినగారూ?"

"అడుగున ఉంటాయి.
ఉండాల్సిన చోట."

ఆయన కళ్లజోడు తుడుచుకుని లెక్కపెట్టారు.
ఆరు. మంచీ కాదు, చెడూ కాదు.
తాన్ జోవ్, అని పైకి అన్నారు,
అన్నానికి వేళైందని
గుమ్మంలోంచి కేకేసినట్టు.

రాత్రి దీపం దగ్గర పెట్టి చూశాను:
పడవ లోపల రెండు చుక్కలు,
మధ్య అడ్డంగా ఒక చెక్క.
మొదటిది మామూలుగానే ఉంది.
రెండోదాన్ని అమ్మ
కాగితం చిరిగేంత గట్టిగా నొక్కింది.