ముప్పై అక్షరాలు

కొరుక్కుపేట గేటు పడితే మా బడికి ఆలస్యం,
కరెంటు పోతే నా క్లాసుకు సెలవు.
కంప్యూటర్లు తొమ్మిది, లేచేవి ఆరు.
మూడో తరగతి తెలుగు సెక్షన్లో పద్దెనిమిది మంది.
లెక్క సరిపోయింది:
ఒక్కో మౌసుకి ముగ్గురు.

నడిమి కుర్చీది మౌసు.
ఎడమ కుర్చీది కీబోర్డు.
కుడి కుర్చీకి ఏమీ లేదు,
కిటికీలోంచి వచ్చే మిరపమిల్లు ఘాటు తప్ప.

ఆ కుర్చీ చెంగల్ ప్రియది.
జూన్ నుంచీ అక్కడే.
చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని
నోటితోనే కంప్యూటరు నడుపుతుంది.
"పైకి పో. ఆడ కాదు, ఇంకాస్త ఎడంగా.
ఆ పచ్చ డబ్బా నొక్కు. రెండుసార్లురా, టకటకా."
నడిమి కుర్చీలో పెంచల్ కిరణ్
ఆ మాట వెంబడే బాణాన్ని తోలుకుపోతాడు,
మొండి గేదెను తోలినట్టు.

సెప్టెంబరులో పరీక్ష.
ఒక్కొక్కరూ విడిగా, మనిషికి నాలుగు నిమిషాలు.
పెయింట్ తెరవాలి, ఇల్లు గియ్యాలి,
రంగు పొయ్యాలి, పేరు పెట్టి సేవ్ చెయ్యాలి.
నా చేతిలో ఫారం.
మొదటి గడి: మౌసు పట్టు, ఐదు మార్కులు.

కిరణ్ ఇల్లు గీశాడు, తలుపు పెట్టాడు,
ఎర్ర రంగు పోశాడు.
సేవ్ చెయ్యమంటే ఆగిపోయాడు.
తల కుడివైపు తిప్పాడు.
కుర్చీ ఖాళీ.
ఆ చూపుకు ఫారంలో గడి లేదు.
మౌసు పట్టుకి ఐదుకు ఐదు వేశాను.

ప్రియ వచ్చింది.
మౌసును రెండు చేతులా పట్టుకుంది,
వేడి టీ గ్లాసు పట్టుకున్నట్టు.
మౌసు బల్ల అంచు దాకా వెళ్ళి నిలబడింది.
ఎత్తి మళ్ళీ మధ్యలో పెట్టుకోవచ్చని
ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.
నాలుగు నిమిషాలకు ఒక్క గీత, అదీ వంకర.
"సేవ్ ఎక్కడుందో తెలుసు మిస్,
పైన మూల, ఫైలు, కింద మూడోది" అంది.
చెయ్యి ఆ మూలకు చేరేలోపు టైమయింది.
ఐదుకు ఒకటి.

రిమార్కు గడిలో ముప్పై అక్షరాలే పడతాయి.
ఆ సాఫ్ట్‌వేరుకు మన గుణింతం తెలీదు,
గుడిని ఒకటి, కొమ్మును ఒకటి
విడివిడిగా లెక్కేసుకుంటుంది.
నేను కొట్టింది:
మౌస్ ఇంకా చేతికి రాలేదు. దారి మాత్రం తెలుసు.
ప్రింటయి వచ్చింది:
మౌస్ ఇంకా చేతికి రాలేదు. దారి

శనివారం వాళ్ళమ్మ వచ్చింది,
కాశిమేడులో రొయ్యలు ఒలిచి,
సబ్బుతో కడుక్కున్న చేతులతో.
కార్డును అంచుల దగ్గర పట్టుకుంది, తడి తగలకుండా.
"మిషను ఏమన్నా చెరిపిందా మా పాప?"
లేదన్నాను.
"అది చాల్లేమ్మా" అని సంతకానికి పెన్ను అడిగింది.

ప్రియ కార్డు లాక్కుని చదివింది, వేలు పెట్టి.
"దారి... దారి ఏంది మిస్?"
మిగిలిన రెండు మాటలూ ఎర్ర పెన్నుతో రాసిచ్చాను.
అచ్చు పక్కన నా చేతిరాత మరీ పెద్దగా పడింది.
మళ్ళీ మొదట్నుంచి చదువుకుంది, పైకి.
అయితే ఒకటే ఎందుకేశావని అడగలేదు.
అడిగుంటే బాగుండేది.

సోమవారం కుర్చీలు మార్చాను.
కిరణ్ రెండు రోజులు అలిగాడు.
మూడో రోజు
మిరపఘాటుకు తుమ్మి, ముక్కు తుడుచుకుని,
కుడి కుర్చీలోంచి వాడే అన్నాడు:
"బల్ల అయిపోయింది గదే,
ఎత్తి పెట్టుకో."