పైకప్పు గడి

నా చేతిలో ఉన్నది పురావస్తు శాఖ ఫారం.
గోడ ఎత్తు, గోడ మందం, రాయి రకం, పైకప్పు.
నాలుగు గడులు.
టేపు ఆ కొస పట్టుకోవడానికి
ఊడ్చే ముసలాయన వచ్చాడు, గువో షుయ్‌మూ,
చీపురు చంకలో ఇరికించుకుని.

చ్వాన్‌జౌ. తూమెన్ వీధి.
పక్కనే గువాన్ దేవుడి గుడి. అక్కడి అగరొత్తుల పొగ
ఎవర్నీ అడక్కుండా గోడ దాటి వచ్చి
ఈ మసీదు మిహ్రాబ్ ముందు కాసేపు కూర్చుని పోతుంది.
"ఇరుగూ పొరుగూ" అన్నాడాయన, దగ్గుతూ.

ముందు గుమ్మం కొలిచాం.
నలుపు తిరిగిన ఆకుపచ్చ రాయి,
కమాను లోపల కమాను, దాని లోపల ఇంకోటి.
తలెత్తితే రాతిలో తేనెపట్టు.
ఆ పైన మేడ మీద నించుని ఒకప్పుడు
రంజాన్ నెలవంకని వెతికేవాళ్ళట.
ఇప్పుడు నెలవంక ఫోనుకే వస్తుంది.

ఈ రేవుకి పూర్వం జైతూన్ అని పేరు.
ఊరి చుట్టూ ముళ్ళమోదుగలు నాటారు, ఎర్రెర్రగా పూసేవి.
ఆ చెట్టుని మేం త్సీతోంగ్ అంటాం.
ఓడ దిగిన అరబ్బు చెవికి
అది తన ఊరి ఆలివ్ చెట్టు పేరులా వినబడిందేమో.
వెతికితే ఒక్క ఆలివ్ కొమ్మా లేదు.
అయినా ఉండిపోయారు.
మిరియాలూ సాంబ్రాణీ దించిన చేతులతోనే
ఈ గ్రానైటు ఎత్తారు, వెయ్యేళ్ళ కిందట.
మరో మూడొందల ఏళ్ళకి షిరాజు మనిషెవరో బాగుచేయించాడని
గోడ మీద చెక్కి ఉంది, అరబ్బీలో.

నాకా లిపి రాదు. గువోకీ రాదు.
వేళ్ళతో తడిమాడు, కుడి నుంచి ఎడమకి.
"దిక్కు మటుకు తెలుసు" అన్నాడు.

హాల్లో స్తంభాలు మోకాలెత్తు మొండాలు.
మధ్యలో గడ్డి.
దక్షిణపు గోడకి ఎనిమిది కిటికీలు, ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క వీధి:
స్కూటరు, బస్సు, మళ్ళీ స్కూటరు,
కొప్పు చుట్టూ మూడు వరసల పూలతో
ఆల్చిప్పల బుట్ట మోసుకెళ్ళే షున్‌పూ ముసలమ్మ.

నాలుగొందల ఏళ్ళ కిందట భూమి కదిలి కప్పు కూలిందంటారు.
అసలు కప్పే వేయలేదంటారు ఇంకొందరు ప్రొఫెసర్లు.
మీరేమంటారని అడిగాను.
నిన్నటి వాన నీళ్ళని గుమ్మం వైపు నెట్టుతూ
"ఊడ్చేవాడికి రెండూ ఒకటే" అన్నాడు.

టేపు చుడుతుంటే తనే మొదలెట్టాడు.
వాళ్ళది సముద్రప్పక్క బాయ్‌చీ.
నాయనమ్మకి నమాజు తెలీదు, రోజా తెలీదు,
పంది మాంసం అందరిలాగే వండేది.
పెద్దలకి పెట్టే రోజున మాత్రం
మూకుడు బూడిదేసి మూడుసార్లు తోమి
చేపా, నూనెలో వేయించిన రొట్టే పెట్టేది.
ఎందుకంటే,
"వాళ్ళు తినరు."
ఎవరో, ఎందుకో
ఆమెకీ ఎవరూ చెప్పి ఉండరు.

చినుకు పడింది.
అసర్ వేళ. పెంకులు కప్పిన పక్క గదిలోకి
ఏడుగురు వెళ్ళారు, బయట ఏడు జతల చెప్పులు.
గువో చీపురు నా చేతిలో పెట్టాడు.
ఏమీ చెప్పలేదు.
ఎనిమిదో జత రబ్బరుది, మడమ దగ్గర అరిగింది.

ఫారం తడవకుండా చొక్కా లోపల దాచుకుని
పడమటి గోడకేసి చూశాను.
గూట్లో చెక్కిన అక్షరాల మీదుగా నీళ్ళు
నిదానంగా దిగుతున్నాయి,
అరబ్బీని మా చీనా పద్ధతిలో
పైనుంచి కిందికి చదువుతూ.

నాలుగో గడిలో రాశాను:
ప్రస్తుతానికి, వాన.